వాపు తగ్గితే మోకాలు బాగైనట్టు కాదు

 

ఆగస్టు 9 సభలో మమ్మల్ని "విద్య, యువత" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ అంశం మీద మాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే నలుగురున్నారు. అందుకని మేము ఒక మోకాలి గురించి చెబుతాం. మేము అంటే మండపేటలో కాలేజీ చదువుకునే మన ఆడపిల్లల హాస్టల్: వార్డెన్, వంటావిడ, ఆయా, వాచ్‌మన్, అరవైమంది పిల్లలు. జరిగినదాంట్లో అందరికీ వంతుంది, తప్పులో కూడా.

ఆ మోకాలు ఒక కొండరెడ్డి అమ్మాయిది. మారేడుమిల్లి పైనున్న ఊరు. రంపచోడవరం, గోకవరం, రాజమండ్రి మీదుగా రెండు బస్సులు మారి మా దగ్గరికి ఇంటర్ చదవడానికి వచ్చింది. పేరు రాయొద్దు మేడమ్ అంది, రాయం. మంచి పొడగరి. వచ్చిన వారంలోనే కాలేజీ గ్రౌండులో బాస్కెట్‌బాల్ రింగు చూసి, కింద నిలబడి ఎగిరి వల అందుకోబోయింది. వల లేదు, ఉత్త రింగే ఉంది. పీడీ గారు చూసి జట్టులోకి పిలిచారు. బంతి పట్టుకున్న మూడు నెలలకే ఆ పిల్ల లేకుండా జట్టు లేదన్నంత అయ్యింది. మైదాన ప్రాంతం పిల్లలు ఐదో తరగతి నుంచి ఆడుతూ వచ్చినవాళ్లు. ఈ పిల్ల కొండ దారుల్లో నీళ్ల బిందెతో నడిచిన కాళ్లతో వచ్చి వాళ్లని దాటిపోయింది. మాకు ఎంత గర్వమో చెప్పక్కర్లేదు. ఆ గర్వమే తర్వాత కొంప ముంచింది.

కిందటేడు జులై చివర్లో ప్రాక్టీసులో ఎగిరి దిగుతూ మోకాలు మెలిక పడింది. ఎవరూ గుద్దలేదు, తొయ్యలేదు. దిగడమే, లోపల "టక్" మని చప్పుడు వినిపించిందట. సాయంత్రానికి మోకాలు కుండలా ఉబ్బింది. హాస్టల్‌కి కుంటుతూ వచ్చి మెట్ల మీద జారానని చెప్పింది. ఎందుకలా చెప్పావని తర్వాత అడిగాం. "దెబ్బ తగిలిందంటే ఆట మాన్పించి ఇంటికి పంపేస్తారేమోనని మేడమ్" అంది. ఆ భయం ఆ పిల్లకి ఎక్కడినుంచి వచ్చిందా అని వెతుక్కుంటే మా దగ్గరినుంచే వచ్చింది. అంతకు ముందు ఏడాది జ్వరాలు తగ్గక ఇంటికి పంపిన ఇద్దరు పిల్లలు తిరిగి రాలేదు. ఆ కథ హాస్టల్లో ప్రతి పిల్లకీ తెలుసు.

వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లి పసరు కట్టు వేయించారు. రెండు వారాల్లో వాపు పోయింది. మూడో వారంలో మామూలుగా నడిచింది. నాలుగో వారంలో మెట్లెక్కింది. మేము కూడా "బాగైపోయిందే!" అనుకున్నాం. ఒక ఆదివారం చపాతీలు వడ్డిస్తుంటే ఆయా మాత్రం ఒక మాట అంది: "మెట్లు దిగేటప్పుడు ఆ పిల్ల రెయిలింగ్ పట్టుకుంటోందండీ." విన్నాం. పట్టించుకోలేదు. సెప్టెంబరులో పోటీలున్నాయి, మన హాస్టల్ పిల్ల జిల్లా జట్టుకి వెళ్తుందని అప్పటికే పది మందికి చెప్పుకున్నాం. పర్మిషన్ కాగితం మీద సంతకం పెట్టింది మేమే.

రెండో క్వార్టర్‌లో బంతితో పరిగెడుతూ ఒక్కసారి ఆగి పక్కకి తిరిగింది. మోకాలు కింద పైభాగం ఒకవైపు, కింది భాగం ఒకవైపు జరిగినట్టు చూసేవాళ్లకే కనిపించింది. ఈసారి లేవలేదు.

పిల్లలూ, ఇక్కడ కాస్త శరీరశాస్త్రం చెబుతాం, ఓపిక పట్టండి. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలుపుతూ, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయే రెండు గట్టి బంధనాలుంటాయి. వాటిలో ముందుదాన్ని డాక్టర్లు ఏసీఎల్ అంటారు. మీరు పరుగులో ఒక్కసారి ఆగినా, పక్కకి తిరిగినా, ఎగిరి దిగినా, కింది ఎముక ముందుకి జారిపోకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచేది అదే. మామూలుగా తిన్నగా నడవడానికి దానితో పెద్ద పని పడదు. అందుకే అది తెగినా వాపు పోయాక మనిషి నడిచేస్తాడు. చూసేవాళ్లకి బాగైనట్టే ఉంటుంది. ఆటలోకి దిగాకే అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి పట్టు లేని మోకాలు ఒరుసుకుని, ఎముకల మధ్య మెత్తలాగా ఉండే మెనిస్కస్ కూడా చిరుగుతుంది. మన పిల్లకి జరిగింది అదే. జులైలో ఒకటి తెగింది. సెప్టెంబరులో రెండోది చిరిగింది. ఆ రెండోది మేము సంతకం పెట్టాక చిరిగింది.

కట్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట అనగానే కొందరు పెద్దలు మొహం ముడుచుకుంటారు. చెయ్యి విరిగితే, మణికట్టు తొలిగితే సరిచేసే చేతి గుణం ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. విరిగిన ఎముకని కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది, కట్టు చేసే పని అది. పూర్తిగా తెగిన ఏసీఎల్ అలా అతుక్కోవడం చాలా అరుదు. దాని చుట్టూ ఉండేది కీలు లోపలి ద్రవం. తెగిన కొసలు అందులో వేలాడుతూ ఉండిపోతాయి. పైన ఎన్ని పసర్లు వేసినా లోపలికి చేరవు. కట్టు వేసిన పెద్దాయన్ని తర్వాత కలిశాం. "వాపు తియ్యమన్నారు, తీశాను. లోపల తెగిందని నాకెవరు చెప్పారమ్మా" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. "టక్" మని చప్పుడు, కొన్ని గంటల్లోనే వాపు, ఈ రెండూ కలిసి ఉంటే కట్టుకి ముందు ఎముకల డాక్టరుకి చూపించాలని తెలియాల్సింది మాకు.

ఎమ్మారై తీశాక ఆపరేషన్ అన్నారు. వాళ్ల నాన్న హాస్టల్ వరండాలో చాలాసేపు కూర్చున్నారు. "మేడంగారూ, పిల్ల నడుస్తోంది కదా. ఆట మానేస్తే సరిపోదా? ఇంటికి తీసుకుపోతాను. మా మేనల్లుడున్నాడు" అన్నారు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ అక్కర్లేదు. పెద్ద వయసువాళ్లు, మెలికల ఆటలు ఆడనివాళ్లు వ్యాయామంతో నెట్టుకొస్తారు. కానీ ఈ పిల్ల వయసు పదహారు. ఆట సంగతి పక్కన పెట్టినా, వాళ్ల ఊరు కొండ మీద. ఎక్కడం, దిగడం, తలమీద బరువు. మోకాలు జారినప్పుడల్లా లోపలి మెత్త ఇంకాస్త అరుగుతుంది. డాక్టరు గారు ఇదంతా ఒక ప్లాస్టిక్ మోకాలు బొమ్మ పట్టుకుని ఆయనకి అర్థమయ్యే మాటల్లో చెప్పారు. ఆయన బొమ్మని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "సరే" అన్నారు. మేనల్లుడి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆపరేషన్ నవంబరు మధ్యలో అయ్యింది. తొడ వెనక కండరం నుంచి తాడులాంటి భాగం తీసి, చిన్న రంధ్రాల గుండా దూర్చి, పాత బంధనం ఉన్నచోట బిగించారు. మూడో రోజున మా చేతికి ఒక కాగితం ఇచ్చి పంపారు. అసలు పని ఆ కాగితంతోనే మొదలైంది.

ఇక్కడ గోపీచంద్ గారి సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో రాత్రిళ్లు పిల్లకి మేము చెప్పిన కథ అదే. పుల్లెల గోపీచంద్ ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. 1994లో పుణేలో జాతీయ క్రీడలు జరుగుతున్నాయి. ఆయనకి ఇరవై ఏళ్లు. డబుల్స్ ఆడుతుండగా తన జట్టు ఆటగాడినే ఢీకొని పడ్డారు. తెగింది ఇదే ఏసీఎల్. ఒక్క ఆపరేషన్‌తో పోలేదు, మోకాలికి మళ్లీ మళ్లీ కత్తి పడింది. ఆ రోజుల్లో మన దేశంలో ఆటగాళ్ల మోకాళ్ల గురించి తెలిసిన డాక్టర్లు, ఫిజియోలు ఎంతమంది ఉండేవారో మీరే ఊహించుకోండి. 1996లో ఆయన మొదటిసారి జాతీయ ఛాంపియన్ అయ్యారు. వరసగా ఐదేళ్లు, 2000 వరకు, ఆ టైటిల్ ఎవరికీ వదల్లేదు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్లో పీటర్ గేడ్‌ని, ఫైనల్లో చైనాకి చెందిన చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ కప్పు గెలిచిన భారతీయుడు ఆయనే. తర్వాత అకాడమీ, సైనా, సింధు, అదంతా మీకు తెలిసిందే.

అందరూ 2001 గురించి చెబుతారు. మా పిల్ల మాత్రం 1994కీ 1996కీ మధ్య ఏం జరిగిందని అడిగేది. "ఆ రెండేళ్లూ ఆయన పొద్దున్నే లేచి ఏం చేసుంటారు మేడమ్?" మాకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. ఎందుకంటే హాస్టల్లో మేము చూస్తున్నది ఆ మధ్య భాగమే. దానికి ఫోటోలుండవు.

ఆ మధ్య భాగం ఎలా ఉంటుందంటే: మొదటి పని మోకాలు పూర్తిగా చాపడం. మడవడం అందరూ గుర్తుంచుకుంటారు, చాపడం మర్చిపోతారు. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలు గాలిలో వదిలేసి పది నిమిషాలు ఉంచాలి. ఏడుపొస్తుంది. తర్వాత తొడ ముందు కండరాన్ని బిగించి పది లెక్కపెట్టడం. ఆపరేషన్ అయ్యాక ఆ కండరం మాట వినదు. పిల్ల తన తొడ వైపు చూస్తూ "బిగుసుకో, బిగుసుకో" అని తిట్టేది. రెండు వారాల్లో ఆ తొడ రెండోదానికంటే సన్నబడిపోయింది. మా టైలరింగ్ టేపుతో కొలిచి గోడ మీద రాసేవాళ్లం.

హాస్టల్ భవనం కట్టినవాళ్లు మోకాలికి ఆపరేషన్ అయిన పిల్ల ఒకతి ఇక్కడ ఉంటుందని అనుకోలేదు. మరుగుదొడ్లన్నీ కింద కూర్చునేవే. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించింది వాచ్‌మన్. పడుకునేది ఒకదాని మీద ఒకటి ఉండే ఇనప మంచాలు, ఈ పిల్లది పైది. కింద మంచం పిల్ల అడక్కుండానే మారిపోయింది. భోజనం నేల మీద బాసింపట్టు వేసుకునే కదా, దానికి స్టడీ హాల్ బెంచీ తెచ్చాం. మొదటిరోజు ఒక్కతే బెంచీ మీద కూర్చుని తినడానికి సిగ్గుపడి అన్నం వదిలేసింది. మర్నాడు చూస్తే పక్కన మరో ముగ్గురు బెంచీ ఎక్కి కూర్చున్నారు. వంటావిడ రోజూ ఒక గుడ్డు ఎక్కువ వేసేది. మండపేటలో గుడ్డుకేం కొదవ, చుట్టూ కోళ్ల ఫారాలే.

ఎక్కువ కష్టం మొదటి నెల అనుకుంటారు. కాదు. మూడో నెల. నొప్పి పోయింది, నడక బాగుంది, అందరూ "ఇంకేం, బాగున్నావుగా" అంటారు. సైకిల్ స్టాండు వేసి తొక్కడం, వరండా మెట్టు ఎక్కి దిగడం, అదే మెట్టు, రోజుకి వంద సార్లు. పక్కనే జట్టు ఆడుతుంటే బంతి చప్పుడు వినపడుతుంది. జనవరిలో సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లి తిరిగొచ్చాక వారం రోజులు వ్యాయామం ముట్టుకోలేదు. కోప్పడ్డాం. అది తప్పు, కోప్పడకూడదు. చివరికి కదిలించింది మా మాట కాదు. కింద మంచం పిల్ల ఉంది చూశారూ, ఆటలంటే ఆమడ దూరం పారిపోయే పిల్ల, రోజూ పొద్దున్న పక్కన నిలబడి తను కూడా మెట్టు ఎక్కి దిగడం మొదలుపెట్టింది.

బాస్కెట్‌బాల్ పిల్ల కాబట్టి బాస్కెట్‌బాల్ కథ కూడా కావాలంది. తనే ఫోనులో వెతుక్కుని చూపించింది. అమెరికాలో పెయిజ్ బెకర్స్ అనే అమ్మాయి, కాలేజీ ఆటలో దేశమంతా తెలిసిన పేరు. 2022 ఆగస్టులో సరదాగా ఆడుకునే ఆటలో ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. ఆమెకీ అప్పుడు ఇరవై ఏళ్లే. ఒక సీజన్ మొత్తం బెంచీ మీద కూర్చుంది. 2025 ఏప్రిల్‌లో ఆమె జట్టు కనెక్టికట్ జాతీయ ఛాంపియన్ అయ్యింది, అదే నెలలో వృత్తి ఆటగాళ్ల డ్రాఫ్టులో డాలస్ జట్టు ఆమెనే మొదట ఎంచుకుంది. ఇక మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2025 మేలో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వంద మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత మోకాలి గాయంతో టోక్యో ప్రపంచ పోటీలకు దూరమైంది. ఆ వార్త చదివిన రోజు మా హాస్టల్లో అందరూ సొంత అక్కకి తగిలినట్టు బాధపడ్డారు.

చెల్లెళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఎగిరి దిగే ఆటల్లో ఈ గాయం మగపిల్లల కంటే ఆడపిల్లలకి రెండు మూడు రెట్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. తుంటి నిర్మాణం, హార్మోన్లు, దిగే తీరు అని కారణాలు చెబుతారు. మాకు తోచిన ఇంకో కారణం ఉంది. మగపిల్లాడికి చిన్నప్పటినుంచీ గోడలు దూకడం ఎవరూ నేర్పక్కర్లేదు, దూకనిస్తారు. ఆడపిల్లని దూకనివ్వం. పదహారేళ్లకి ఒక్కసారిగా కోర్టులోకి దింపి దూకమంటాం. దిగడం నేర్పొచ్చు. మునివేళ్ల మీద మెత్తగా దిగాలి, మోకాలు వంగాలి, వంగిన మోకాలు లోపలి వైపు వాలకుండా పాదానికి సూటిగా ఉండాలి. ఫుట్‌బాల్ వాళ్లు ఇరవై నిమిషాల వార్మప్ ఒకటి తయారుచేశారు: పరుగు, ఒంటికాలి నిలకడ, గుంజీళ్లు, దూకి దిగడం. క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయి. పైసా ఖర్చు లేదు. ఇప్పుడు మా హాస్టల్లో పొద్దున్న ఐదున్నరకి ఆడేవాళ్లూ ఆడనివాళ్లూ అందరూ చేస్తారు. తిట్టుకుంటూనే చేస్తారు.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. ప్రభుత్వ వైద్య పథకం ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. ఏ ఆపరేషన్ పథకంలోకి వస్తుందో, ఏ కాగితాలు కావాలో అడ్మిట్ అవ్వకముందే అక్కడ అడగండి. రేషన్ కార్డు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి. మా పిల్లకి ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా, దానికే పదకొండు రోజులు పోయాయి. బెల్టుకి, ఫిజియో రాకపోకలకి మన సంఘం వాళ్లు చందా వేశారు, వాళ్లకి ఈ సభలో దండం పెడుతున్నాం.

ఇక ఇప్పటి గొడవ. ఆపరేషన్ అయ్యి ఈ నెల మధ్యకి తొమ్మిది నెలలు. సెప్టెంబరులో మళ్లీ సెలెక్షన్లు. పిల్ల ఆడతానంటుంది, ఇంటర్ రెండో ఏడాది, ఇదే ఆఖరి అవకాశం అంటుంది. జట్టు పిల్లలు కూడా అడుగుతున్నారు. నార్వే, అమెరికా పరిశోధకులు వందమందికి పైగా ఆటగాళ్లని రెండేళ్లు గమనించి 2016లో ఒక సంగతి రాశారు: తొమ్మిది నెలలు నిండేవరకు, ఆటలోకి తిరిగి రావడాన్ని వెనక్కి జరిపిన ఒక్కో నెలకీ మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గిందట. క్యాలెండర్‌లో నెలలు నిండితే చాలదు, కాలు పరీక్ష కూడా పాసవ్వాలి. ఆ పరీక్షల్లో ఒకటి చాలా సులువు. ఒంటికాలి మీద నిలబడి ముందుకి దూకి, అదే కాలి మీద ఆగాలి. దెబ్బ తగిలిన కాలు, మంచి కాలు దూకిన దూరంలో కనీసం తొంభై శాతం దూకాలి. తొడ కండరం బలానికీ అదే లెక్క.

ఈసారి సంతకం అడిగితే మేము పెట్టలేదు. పిల్ల రెండ్రోజులు మాతో మాట్లాడలేదు. కిందటేడు సంతకం పెట్టినప్పుడు మాత్రం మమ్మల్ని ఎంత మెచ్చుకుందో! మూడో రోజు తనే టైలరింగ్ టేపు తెచ్చి, "కొలవండి మేడమ్. కొలత చెప్పినట్టు చేద్దాం, మీరూ నేనూ కాదు" అంది. వరండాలో సున్నంతో గీత గీశాం. హాస్టల్ అంతా చుట్టూ మూగింది. మంచి కాలు 142 సెంటీమీటర్లు. ఆపరేషన్ కాలు 118. తొంభై శాతం అంటే 128 కావాలి.

ఇంకా పది సెంటీమీటర్లు. వచ్చే ఆదివారం పొద్దున్న మళ్లీ కొలుస్తాం.